పుట్టి అంచు కింద మూడు రాళ్ళు

అనంతయ్య పేరు చెవిన పడితే కురుమూర్తికి ఆ పూట అన్నం సహించదు. పదకొండేళ్ళయింది. ఇప్పటికీ అంతే.

అప్పట్లో కురుమూర్తి సంస్థానం పోలీసులో జవాను. అనంతయ్య అదే ఠాణాలో మున్షీ. మానవపాడు ఎడ్ల దొంగల కోసం మూడు దినాలు జొన్నచేలల్లో పస్తు పడుకుని వాళ్ళను పట్టింది కురుమూర్తి. కాగితం మీద పట్టినట్టు రాసుకున్నది అనంతయ్య. ఆ కాగితం ఉర్దూలో ఉంది. కురుమూర్తి చదివింది వీధిబడిలో మూడో తరగతి, అదీ తెలుగు. చూపించిన చోటల్లా నమ్మి చేవ్రాలు పెట్టాడు. ఆ కట్టలోనే ఇంకో కాగితం ఉందనీ, "మా తండ్రి పొలం ఏట్లో కలిసిపోయింది, దాని మీద నాకింక హక్కు లేదు" అని అందులో రాసి ఉందనీ ఆరు నెలలకు గానీ తెలియలేదు. అనంతయ్య అదే ఠాణాకు పెద్దగా, అమీను అయ్యాడు. కురుమూర్తి నౌకరీ వదిలేసి, తప్పిపోయిన పశువులకూ పారిపోయిన మనుషులకూ పత్తా తీస్తూ బతుకుతున్నాడు.

గురువారం పొద్దు బారెడెక్కేసరికి మళ్ళీ ఆ మనిషి ఎదుటనే చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

"ఏమిరా కురుమూర్తీ, ఎవరిదన్న బర్రె తప్పిపోయిందా?" అన్నాడు అనంతయ్య, కుర్చీలోంచి కదలకుండా.

"బర్రె కాదు అమీన్ సాబ్, బర్రె తోలు. ఇస్రాయేలును దాని గురించి రెండు మాటలు అడిగి పోత."

"అడుక్కో. రేపు తెల్లారంగనే వాణ్ణి గద్వాల కచేరికి తోలుతున్న. అప్పటిదాక మీ ఇద్దరి ఇష్టం."

సంగతి ఇది. వారం రోజులు ఒడ్డులు ఒరుసుకుని పారిన కృష్ణ సోమవారం నుంచి దిగుతోంది. వరద కోసేసిన పొలాలు కొలవడానికి వచ్చిన గిర్దావరు భీమయ్య మంగళవారం దీపాలవేళ నుంచి కనబడలేదు. బుధవారం మధ్యాహ్నం, ఏరు వెనక్కి పోతూ మిగిల్చిన మడుగులో శవమై తేలాడు. ఆ సాయంత్రమే నల్లబండ పక్కన, రేవులో జనాన్ని ఏరు దాటించే తోలు పుట్టి దొరికింది, అడుగు తోలు జానెడు చీలి. మంగళవారం పొద్దుగూకాక భీమయ్య తానే పుట్టి వేసుకుని ఆత్మకూరు ఒడ్డుకు బయలుదేరాడనీ, కుళ్ళిన తోలు అతుకు ఊడి మునిగాడనీ అనంతయ్య తేల్చేశాడు. ఆ అతుకు వేసినవాడు ఇస్రాయేలు. పోయింది సర్కారు మనిషి ప్రాణం. పదేళ్ళకు తక్కువ పడదని ఠాణాలో జవాన్లే చెప్పుకుంటున్నారు.

ఇస్రాయేలు కటకటాల వెనుక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాడి భార్య మణెమ్మ వాకిట్లో నిలబడి ఉంది. కురుమూర్తిని పిలుచుకొచ్చింది ఆమే.

"అతుకు ఎన్నడు వేసినవ్?"

"శ్రావణం రాకముందు, అయ్యా."

"తోలు ఎన్ని దినాలు నానింది?"

"తొమ్మిది. తంగెడు చెక్కల నానవెట్టిన. పదమూడు పోట్లు పొడిచిన. తోలన్న చినుగుతది గాని నా కుట్టు ఊడదయ్యా. మా తాత కాడ్నుంచి ఈ రేవుకు తోళ్ళు మేమే తొడుగుతున్నం."

"నిన్ను ఎప్పుడు తెచ్చిండ్రు?"

"బుధారం పొద్దుగాల. అంబలి ముంతల పోసుకున్న. తాగనియ్యలే."

"ముంత గట్లనే ఉండె అన్నా," అంది వాకిట్లోంచి మణెమ్మ. "ఈగలు ముసురుతుంటే నేనే పారవోసిన."

కురుమూర్తి అనంతయ్య వైపు తిరిగాడు. "సాబ్, పుట్టి దొరికింది ఎప్పుడు?"

"బుధారం పొద్దుమూకి. ఎందుకు?"

"పొద్దుమూకి దొరికిన పుట్టికి తోలు చినిగిందని పొద్దుగాలనే ఎట్ల తెల్సె మీకు? పొద్దుగాల పుట్టీ లేదు, పీనుగూ లేదు. తోలు కుట్టినోణ్ణి మాత్రం తెచ్చి లోపలేస్తిరి."

అనంతయ్య కలం పాళీని తుడుచుకున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "అనుమానం మీద తెచ్చిన. అమీనుకు అనుమానం రావొద్దని నీ మూడో తరగతిల చెప్పిండ్రా?"

కురుమూర్తికి చెవులు వేడెక్కాయి. బదులు చెప్పేలోపల ఒక జవాను వచ్చి నిలబడ్డాడు. "సాబ్, గద్వాల టేషనుకు తంతి తారు వచ్చిందంట. ఎగువన మళ్ళ నీళ్ళు. పొద్దుమూకేటాళ్ళకు ఈడికి దిగుతయంట."

అనంతయ్య ఆ పొద్దు మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూసి కురుమూర్తి ఇంక ఒక్క మాట కూడా దండగ చేయలేదు. ఏట్లో చూడవలసింది ఏదో ఉంది, చీకటి పడేలోపల అది ఉండదు.

వెళ్ళేదారిలో, ఊరి శిస్తు చూసే మాలీ పటేలు నాగన్న గడప ఎక్కాడు. ఊళ్ళో నమ్మదగిన చేవ్రాలు ఆయనదొక్కటే. పటేలు ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించుకుని పీట మీద కూర్చున్నాడు.

"నల్లబండ కాడికి రావాలె పటేలా. మీ కండ్లతో చూడాలె."

"వస్త. తానం చేసి, ఇంత తిని వస్త."

"ఏరు వస్తుంది పటేలా."

"ఏరు నా కోసమే వస్తుందా? జర ఆగుతది."

పళ్ళు కొరుక్కుంటూ కురుమూర్తి రేవుకు దిగాడు. ఆ ఊళ్ళో అందరికీ తీరికే. ఉరుకులాట తనకొక్కడికే రాసిపెట్టినట్టుంది.

మగడు పోయినప్పటి నుంచీ రేవు నడుపుతున్నది జమ్ములమ్మ. కురుమూర్తి చేరేసరికి ఆమె నీటంచున వంగి ఒక తెల్లరాయి పెడుతోంది. ఏరు దిగుతున్నన్ని రోజులూ పుట్టివాళ్ళు ముప్పొద్దులా నీరు ఎక్కడుంటే అక్కడ ఒక రాయి పెడతారు. పొద్దుటిది ఒట్టి రాయి. నడిపొద్దు రాయికి ఎర్ర జాజు బొట్టు. దీపాలవేళ రాయికి మసి బొట్టు. రాయికీ రాయికీ ఎడం చూసి ఏరు ఎంత వడితో పోతోందో, ఏ బండ ఎప్పుడు నెత్తి ఎత్తుతుందో, పుట్టిని ఎటు తిప్పాలో తెలుసుకుంటారు. ఒడ్డు పొడుగునా ఆ రాళ్ళు వరుసగా దిగి ఉన్నాయి. సోమవారం పొద్దుటి రాయి అన్నిటికంటే పైన, ఇప్పుడు పెట్టిన గురువారం జాజు రాయి అన్నిటికంటే కింద.

"వదినా, నల్లబండ పక్కన ఒండ్రు మడి ఉన్నది గద. అది నీళ్ళల్లకెళ్ళి ఎప్పుడు బయటవడ్డది?"

"నిన్నటి జాజు రాయి కాడ," అంది ఆమె తలెత్తకుండానే. "బుధారం నడిపొద్దు."

"మంగళారం దీపాలేళ దాని మీద నీళ్ళెంత?"

"ఆ మసి రాయి కాడికి లెక్క చూడు. నిలువు లోతు ఉంటుండె."

"పుట్టి ఎప్పుడు పాయె?"

"నాకేం తెల్వదన్నా. బుధారం లేసి చూస్తే లేదు."

రాళ్ళ గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పిన మనిషి, పుట్టి అనేసరికి చేతిలో మట్టిని పిండి పిండి ముద్ద చేస్తోంది. కురుమూర్తి అది చూశాడు.

ఏరు దిగడంతో ఒడ్డు నుంచి నల్లబండ దాకా బండల మీదుగా దారి పడింది. దారి అనడమే గానీ నడుమ మోకాలి లోతు ఒండ్రు. ఒక చెప్పు అందులోనే ఉండిపోయింది. దాని కోసం చెయ్యి పెట్టి కెలికి, దొరక్క, రెండోది కూడా విసిరేశాడు. బండల సందుల్లోని గుంటల్లో చిక్కిన పరక చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. వాటి చుట్టూ కొంగలు, పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు.

నల్లబండ పక్కన పుట్టి బోర్లా ఉంది. నలుగురు ఎక్కే చిన్న పుట్టి, వెదురుబుట్టకు బర్రెతోలు తొడిగింది. దాని చుట్టూ ఒండ్రు అంతా జవాన్ల బూట్లు తొక్కి తొక్కి కుమ్మరి మట్టి చేసి పెట్టాయి. ఒక్క ముద్ర కూడా పనికొచ్చేలా మిగల్లేదు. అనంతయ్య కావాలనే తొక్కించి ఉంటాడు. కురుమూర్తికి ఏడుపొచ్చినంత పనైంది.

ముందు చీలిక చూశాడు. పదమూడు కుట్లు లెక్కపెట్టాడు. అన్నీ ఉన్నాయి. చీలింది కుట్టుకు నాలుగు వేళ్ళ అవతల, గట్టి తోలు మీద, గీత గీసినట్టు తిన్నగా. నీటి పోటుకు చినిగిన తోలు సాగి అంచులు పీలికలవుతుంది. ఇది కత్తి పని.

తరువాత బండ మీద వేలు పెట్టి రాశాడు. వేలెడు మందం ఒండ్రు. పుట్టి వీపు మీద రాశాడు. చిటికెడు లేదు. రాత్రంతా ఎర్రనీళ్ళలో మునిగి ఉన్నదైతే బండకు పట్టిన ఒండ్రు పుట్టికి పట్టదా?

జవాన్లు తొక్కని చోటు ఒక్కటే మిగిలింది, పుట్టి కింద. బురదలో బోర్లా పడుకుని అంచు సందులోంచి తొంగిచూశాడు. అరచెయ్యి వెడల్పున, నున్నగా, పొట్ట ఈడ్చుకుపోయిన జాడ. నడిమధ్యన తోక గీత. రెండు పక్కలా గోళ్ళు దిగిన కాళ్ళ గుర్తులు. మొసలి. జాడ ఇవతలి అంచు కింద మొదలై అవతలి అంచు దాటి నీళ్ళ వైపు పోయింది. ఒండ్రు మడి బయటపడ్డాక ఎండ కాచుకోవడానికి ఎక్కింది. అది నడిచిపోయిన తరువాత దాని జాడ మీద ఎవరో పుట్టిని తెచ్చిపెట్టారు. అంటే బుధవారం నడిపొద్దు తరువాత. మంగళవారం మునిగిన పుట్టి అన్నది ఒట్టి కట్టుకథ.

అయితే ఎవరు? అక్కడే బురదలో కూర్చుని పుట్టి వంక చాలాసేపు చూశాడు. పొద్దు వాలుతోంది. పటేలు జాడ లేదు. చూస్తున్నది కళ్ళ ముందే ఉండి కూడా, రోజూ చూసే సంగతి కావడాన మనసుకు ఎక్కలేదు. ఎక్కేసరికి తన నుదుటి మీద తానే కొట్టుకున్నాడు.

పుట్టి అంచు నేలకు ఆని లేదు. కింద మూడు చిన్న రాళ్ళు పెట్టి ఉన్నాయి. అందుకే లోపలికి కన్ను పోయింది. తడి తోలు నేలకు ఆనితే కుళ్ళుతుందని, గాలి ఆడాలని, పుట్టివాళ్ళు ఎక్కడ దించినా అంచు కింద మూడు రాళ్ళు పెట్టి బోర్లిస్తారు. ఇది ఏరు చేసిన పని కాదు, జవాన్లకు తెలిసిన పని కాదు. పుట్టి పాడవకూడదనుకునే చెయ్యి, తనకు తెలియకుండానే చేసిన పని.

"వదినా, జర ఇటు రా," అని కేక వేశాడు.

జమ్ములమ్మ బండల మీద గెంతుతూ వచ్చింది. కురుమూర్తి ఆ మూడు రాళ్ళ వైపు వేలు చూపించాడంతే. ఆమె వాటి వంక చూసి, ఉన్నచోటనే బురదలో కూలబడింది.

"చేతులు ఊకుంటయా అన్నా. ముప్పై ఏండ్ల అలవాటు," అంది.

"చెప్పు."

"మంగళారం దీపాలేళ రాయి వెడుతున్న. గిర్దావరు సాబు, అమీను సాబు ఇద్దరు కలిసి కిందికి, కోతపడ్డ ఒడ్డు దిక్కు పోయిండ్రు. నేను మసి బొట్టు పెట్టి లేసేటాళ్ళకు అమీను సాబు ఒక్కడే తిరిగొచ్చిండు. ధోతి నడుం దాక తడిసి ఉన్నది. చూసినవా అన్నడు. చూడలే అన్న. బుధారం నడిపొద్దు దాటినంక మళ్ళ వచ్చి, పుట్టికి కత్తి పెట్టి కోసి, నల్లబండ కాడ వారెయ్ అన్నడు. లేకుంటే రేవు ఇంకొకరికి ఇస్తనన్నడు. నెత్తి మీద మోసుకొచ్చి పెట్టిన. ఇస్రాయేలును ఇరికిస్తడని నాకెరుక లేదన్నా. వాడు కుట్టిన పుట్టి మీదనే నా పిల్లలు బతికిండ్రు."

"నోటితోటి అబద్ధం చెప్పినవ్ గద వదినా, రాళ్ళు కూడ జరపకపోయినవా?"

ఆమె అతని వంక వింతగా చూసింది. "రాళ్ళెట్ల జరుపుత? జరిపితే రేపు పుట్టి ఎక్కినోళ్ళు చస్తరు."

అప్పుడే నీటంచున ఎండ కాచుకుంటున్న మొసలి ఒకటి చప్పుడు లేకుండా జారిపోయింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. కురుమూర్తి ఒడ్డు వైపు చూశాడు. ఇందాక పెట్టిన గురువారం జాజు రాయి కనబడలేదు. చూస్తుండగానే పొద్దుటి రాయి చుట్టూ నీళ్ళు తిరిగాయి. ఇంకా నిన్నటి మసి రాయి, దాని పైన నిన్నటి జాజు రాయి మిగిలాయి. జాజు రాయి మునిగితే కాళ్ళ కింది ఈ మడి కూడా మునిగినట్టే.

ఒడ్డు మీద పటేలు నాగన్న కనబడ్డాడు. అతని వెనకనే అనంతయ్య.

పటేలును చెయ్యి పట్టి బండలు దాటించాడు కురుమూర్తి. అనంతయ్య ధోతి ఎత్తిపట్టుకుని తానే దాటాడు. పుట్టినీ, కూలబడ్డ జమ్ములమ్మనూ, కురుమూర్తి మోకాళ్ళ బురదనూ ఒక్క చూపులో చూసుకున్నాడు. అతనికి అంతా అర్థమైంది. ముఖం మాత్రం ఎప్పటిలానే ఉంది.

"మొసలి జాడ మీద పుట్టి ఉన్నది సాబ్," అన్నాడు కురుమూర్తి.

"మొసలే పుట్టి కిందికెళ్ళి దూరిందేమో."

"మూడు రాళ్ళు పెట్టి, అంచు లేపి, దూరి పోయిందా? గంత తెలివైన మొసలిని మీరు ఠాణాల మున్షీగ పెట్టుకోవచ్చు."

పటేలు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అనంతయ్య నవ్వలేదు. కురుమూర్తి భుజం మీద చెయ్యి వేసి రెండడుగులు పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించి, పాత స్నేహితుడితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"కోతపడ్డ ఒడ్డు కాడికి పోయినవా నువ్వు?"

"ఎందుకు పోవాలె?"

"ఈ వరద అక్కడి ఇసుక మేటనంత గోకేసింది. కింద హద్దురాయి తేలింది. దాని మీద త్రిశూలం, పక్కన రెండు గీతలు. ఆ గురుతు ఎవరిదో నీకు తెల్సు."

ఆ గురుతు కురుమూర్తి తండ్రిది. ఉలి పట్టుకుని ఆ గీతలు చెక్కుతుంటే పక్కన కూర్చుని చూశాడు తను.

"నీ పొలం ఏట్లో కలవలే," అన్నాడు అనంతయ్య. "మా అత్త పేరు మీద ఉన్న గడ్డ పొలం అదే. భీమయ్య కొలిచి అదే పట్టుకున్నడు. మూర్ఖుడు, ఇంకెవరికో చెప్తనన్నడు. ఇప్పుడు విను. రాయి ఒడ్డు కొసన వేలాడుతున్నది, వేరు తేలిన చెట్టు లెక్క. నీళ్ళు తగిలితే కూలుతది. అర కోసు దూరం. పటేలు ఈడనే ఉన్నడు. ఇప్పుడు నడిపించుకపోతే చూపించుకోవచ్చు, నీ పొలం నీకొస్తది. ఈ పుట్టి కాడ నిలవడితే రాయి పోతది. ముసలోడు రెండు తావులకు ఉరకలేడు."

అంతా లెక్క వేసుకునే వచ్చాడు. పొలం తగాదా అయితే పదేళ్ళు కోర్టుల్లో నానబెట్టవచ్చు. ఈ మడి మీది జాడ అట్లా కాదు. గంటలో నీళ్ళ పాలవుతుంది, దానితో పాటే ఇస్రాయేలు కూడా.

కురుమూర్తి కింది వైపు చూశాడు. అర కోసు. పరుగెత్తితే తను ఎప్పుడో చేరతాడు. పటేలు కాళ్ళు చూశాడు. నీళ్ళ అంచున నిన్నటి మసి రాయి లేదు. ఎవరి మీద ఈ కోపం? అనంతయ్య మీదనా, తాగని అంబలి ముంత మీదనా, దాని గురించి తనకు చెప్పిన మణెమ్మ మీదనా? ఆ ముంత గుర్తుకు రాకపోయినా బాగుండేది.

"పటేలా," అన్నాడు. "ఇటు వంగి చూడుండ్రి. పుట్టి కింద."

అనంతయ్య చెయ్యి భుజం మీద నుంచి జారిపోయింది.

పటేలు నడుము పట్టుకుని వంగి, మొసలి జాడ చూశాడు, రాళ్ళు చూశాడు, కుట్లు ఒక్కొక్కటే వేలితో తాకి పదమూడు అన్నాడు. జమ్ములమ్మ చెప్పింది మొదటి నుంచి చివరి దాకా విన్నాడు.

"రాసేదెవరు?" అన్నాడు. "పంచనామా రాసేది అమీను సాబు గద."

"నేను రాస్త."

"నువ్వా," అన్నాడు అనంతయ్య. "ఉర్దూలనా?"

"తెలుగుల. ఈసారి ఏం రాసి ఉన్నదో చేవ్రాలు పెట్టేటోళ్ళకు తెల్వాలె."

పటేలు తలపాగాలో దోపుకున్న కాగితం తీసుకుని, కురుమూర్తి దాన్ని పుట్టి వీపు మీద పరిచి, పెన్సిలుతో రాశాడు. అక్షరాలు ఎగుడుదిగుడుగా, ఒకటి చీమంత, ఒకటి బొద్దింకంత. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్ని వదిలేశాడు. నీళ్ళు మడి మీదికి ఎక్కి మడమలు తడుపుతున్నాయి. మొసలి, మూడు రాళ్ళు, పదమూడు కుట్లు, ధోతి తడి, నడిపొద్దు, అన్నీ రాశాడు. పటేలు పైకి చదివి వినిపించి చేవ్రాలు పెట్టాడు. జమ్ములమ్మ వేలిముద్ర వేసింది.

నిన్నటి జాజు రాయి మునిగింది.

"నడువుండ్రి," అంది జమ్ములమ్మ. వంగి ఒక్క ఊపుతో పుట్టిని నెత్తికెత్తుకుంది. పటేలు ఆగి చూశాడు. ఒక్క ఆడమనిషి దాన్ని మోయగలదో లేదో ఇంక ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేదు. వాళ్ళు ఒడ్డెక్కేసరికి నల్లబండ నెత్తి ఒక్కటే కనబడుతోంది. మొసలి జాడ, మూడు రాళ్ళు నీళ్ళ అడుగున పోయాయి. కాగితం కురుమూర్తి అంగీ లోపల వెచ్చగా ఉంది.

"ఠాణా తాళంచెవి తెల్లారేదాక నా నడుముకే ఉంటది," అన్నాడు అనంతయ్య. "తెల్లారేసరికి లోపలోడు ఉరి వేసుకోడని ఎవరు చెప్పగలరు?"

"నేను," అన్నాడు పటేలు. "మంచం ఠాణా అరుగు మీద వేయించుకుంట. పొద్దుగాల నీతోటి గద్వాలకు నేను గూడ వస్త. కచేరి ఎన్నడు చూడని తెలుగు కాగితం ఆడ చదివి వినిపిస్త."

అనంతయ్య ఏదో అనబోయాడు. అప్పుడే కింద, కోతపడ్డ ఒడ్డు వైపు నుంచి, గోడ కూలినట్టు ఒక చప్పుడు వచ్చింది. మట్టి పెళ్ళ నీళ్ళలో పడిన చప్పుడు. ఆ తరువాత ఏటి హోరు తప్ప మరేమీ వినబడలేదు.

"పాయె," అన్నాడు అనంతయ్య. ఆ ఒక్క మాటలో ఆ సాయంత్రం అతను గెలిచింది అంతా ఉంది.

కురుమూర్తి అటు తిరిగి చూడలేదు. ఒట్టికాళ్ళతో ఠాణా దారి పట్టాడు. ఇస్రాయేలుకు ఇంత అంబలి పట్టుకురమ్మని మణెమ్మకు చెప్పాలి. మరిచిపోకుండా నడుస్తూనే మనసులో వల్లెవేసుకున్నాడు: తండ్రి చెక్కిన త్రిశూలం, పక్కన రెండు గీతలు, సర్వే నంబరు నలభై మూడు, నాలుగెకరాల పదిహేడు గుంటలు.